బండల బురదతో కట్టిన ఇళ్లు

డిజైన్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తే ముందుగా అడిగేది ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి మేడమ్ అని. ఈమధ్య రెండో ప్రశ్న కూడా మొదలైంది. పర్యావరణానికి మేలు చేసే సామగ్రిలో దేనికి గిరాకీ ఉంటుంది అని. రెండింటికీ నా దగ్గర సూటి జవాబు లేదు. నేను నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లలో సగం ఇప్పుడు ఏ కంప్యూటర్లోనూ తెరుచుకోవు. మేలు చేసే సామగ్రి అని పేరుపడినవాటిలో కొన్ని వందల మైళ్లు లారీలో వచ్చేవి. అలా వచ్చిన మేలు ఎంత మిగులుతుందో ఎవరూ లెక్క వెయ్యలేదు.

నేను స్ట్రక్చరల్ ఇంజినీరును. కట్టబోయే భవనం బరువును మోస్తుందా, నిలుస్తుందా అని చూడడం నా పని. కడప, కర్నూలు జిల్లాల్లో చాలా కట్టడాలకు లెక్కలు వేశాను. వాటిలో ఎక్కువవాటి గురించి చెప్పడానికేమీ లేదు. నిలబడ్డాయి, అంతే. ఈ వృత్తిలో అదే మంచి వార్త. చెప్పుకోదగ్గ పని ఒకటుంది. ఓర్వకల్లు దాటాక ఒక బండల ఫ్యాక్టరీ పక్కన కూలీల కోసం కట్టిన ఇళ్లు. భవనంగా చూస్తే అది చిన్నది. అయినా కొత్త సామగ్రి గురించీ, కంప్యూటర్ గురించీ నాకు తెలిసిందంతా అక్కడే తెలిసింది.

సారు ఆఫీసు

నేను పుట్టింది రాయచోటిలో. చదువయ్యాక కడపలో ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నేళ్లు సైట్లు తిరిగాను. పెళ్లయి కర్నూలు వచ్చాక రంగనాథం సారు ఆఫీసులో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఎలక్ట్రికల్ షాపు పైన మూడు గదులు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ మిద్దె కింద కూర్చుని ఇతరుల ఇళ్లు చల్లగా ఉండాలని లెక్కలు వేసేవాళ్లం.

సారు మంచి ఇంజినీరు. మంచి బాసు అని మాత్రం అనలేను. స్థలం చూడకుండా కాగితం మీద గీత గీయనిచ్చేవారు కాదు. అది ఆయన దగ్గర నేర్చుకున్న మంచి. క్లయింటు ముందే చిన్నవాళ్లను కసురుకునేవారు. ఎవరినైనా మెచ్చుకోవలసి వస్తే ఆ మనిషి గదిలో లేనప్పుడు మెచ్చుకునేవారు. అందుకని ఆ ఆఫీసులో నేను సమర్థురాలినని నాకు తెలిసింది బయటివాళ్ల నోటివెంట.

ఫర్హానా మా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ముప్ఫై దాటలేదు. కర్నూలు పాతబస్తీ అమ్మాయి, ఆర్కిటెక్టు. బెంగుళూరులో పెద్ద సంస్థలో పనిచేస్తూ, తల్లికి ఒంట్లో బాగాలేక తిరిగి వచ్చేసింది. మేము కంప్యూటర్లో గీతలు గీసేవాళ్లం. ఆమె అందులో భవనాన్నే కట్టేది. ఆమె గీసిన గోడకు తాను ఏ ఇటుకతో కట్టబడిందో, ఎంత మందమో, ఎంత వేడిని లోపలికి పంపుతుందో తెలుసు. మే నెలలో సాయంత్రం ఎండ ఏ కిటికీలో పడుతుందో అడిగితే ఆ మోడల్ చూపించేది. సారు దాన్ని బొమ్మలాట అనేవారు. ఆమె టేబులును జెరాక్స్ మిషను పక్కన, గాలి రాని మూలలో వేయించారు. ఆమె ఒక చిన్న ఫ్యాను కొనుక్కొచ్చి పెట్టుకుంది.

శివారెడ్డి కోరిక

శివారెడ్డిది వ్యవసాయ కుటుంబం. తండ్రి వేరుశనగ పండించాడు. ఈయన బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ పెట్టాడు. మా ఆఫీసుకు వచ్చినప్పుడు ఆయనకు రెండు కష్టాలున్నాయి.

ఒకటి బురద. నాపరాళ్లను నీళ్లు పోస్తూ కోస్తారు. రాతిపొడి ఆ నీళ్లతో కలిసి తెల్లటి బురదగా బయటికి వస్తుంది. ఎండితే పిండిలా లేస్తుంది. ఫ్యాక్టరీ వెనక అది గుట్టగా పెరిగి, గాలికి పక్క పొలాల మీద పడుతోంది. ఊరివాళ్లు వచ్చి గేటు ముందు కూర్చున్నారు, ఆఫీసర్ల నుంచి నోటీసు కూడా వచ్చింది. రెండోది మనుషులు. పని చేసేవాళ్లలో ఎక్కువమంది పడమటి కర్నూలు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు. ఫ్యాక్టరీ ఇచ్చిన కాంక్రీటు గదుల్లో చలికాలం ఉండి, ఎండలు ముదిరితే సగంమంది మూటలు కట్టుకుని వెళ్లిపోయేవారు. సగం మిషన్లు ఆగిపోయేవి.

బురదతో ఇటుకలు చేయవచ్చని ఆయన ఫోనులో ఒక వీడియో చూశాడు. మా ముందు కుర్చీలో కూర్చుని తన కోరికను ఒక్క మాటలో చెప్పాడు.

"ఈ గుట్ట పోవల్ల, ఇండ్లు రావల్ల. రెండూ ఒకే పనిలో అయితే నాకు శానా మేలు మేడమ్."

అది అత్యాశ కాదు. థర్మల్ స్టేషను బూడిద, కొంచెం సిమెంటు కలిపి, బురదను పాళ్లు మించకుండా వాడితే గట్టి ఇటుకే వస్తుంది. బట్టీలో కాల్చే పని లేదు. మట్టి తవ్వే పని లేదు. ముడిసరుకు ఫ్యాక్టరీ వెనకాలే ఉంది. సుస్థిరత అనే పెద్ద మాట నాకు అర్థమైనంతవరకు ఇదే: దగ్గర దొరికేదాన్ని, పారేసేదాన్ని, మనిషికి పనికొచ్చేలా వాడడం. అందులో ఆ చివరి ముక్కే కష్టం.

నీలం రంగు

ఫర్హానా రెండు వారాల్లో మోడల్ తయారుచేసింది. వేడిని రంగుల్లో చూపే ఆ మోడల్లో పాత గదులు ఎర్రగా, ఆమె అనుకున్న కొత్త ఇళ్లు నీలంగా కనిపించాయి. బురద ఇటుకతో రెండు పొరల గోడ, మధ్యలో ఖాళీ. రాత్రి లోపలి వేడి ఎంత తగ్గుతుందో కంప్యూటర్ లెక్క వేసింది. చూడడానికి బాగుంది. శివారెడ్డికి పంపిద్దామని నేనన్నాను. సారు కుర్చీ జరుపుకుని స్క్రీను ముందుకు వచ్చారు.

"రాత్రి కిటికీలు తెరిచుంటాయని ఇచ్చినావా, మూసుంటాయనా?"

"తెరిచుంటాయని సార్. చల్లగాలి లోపలికి రావల్ల కదా," అంది ఫర్హానా.

"ఎవరు తెరుస్తారు?"

సారుకు అసలు సంగతి ముందే తెలిసి అడిగారనుకోవద్దు. ఎక్కడో ఒకచోట తప్పు పట్టాలని అడిగారు. అయినా ప్రశ్న ప్రశ్నే. మరునాడు ఉదయం ఫర్హానా నా టేబులు దగ్గరికి వచ్చి, ఓర్వకల్లు పోదాం వస్తారా అక్కా అంది. మే నెల. భోజనాలయ్యాక ఆమె స్కూటీ మీదే వెళ్లాం. రెండువైపులా రాతిగుట్టలు కాలుతున్నాయి.

ఉరుకుందమ్మ గది

ఫ్యాక్టరీ మేనేజరు మమ్మల్ని చివరి గదికి పంపాడు. అందులో ఉరుకుందమ్మ అనే ఆమె భర్తతో, ఏడాదిన్నర ఆడపిల్లతో ఉంటోంది. భార్యాభర్తలిద్దరూ ఫ్యాక్టరీలోనే పని. మేము వెళ్లేసరికి గదిలో ఎవరూ లేరు. ఆమె ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు కింద కూర్చుని ఉంది. పైనుంచి నీళ్లు కారుతూ ఆ నేల తడిగా ఉంటుంది. తడిపిన చీరను రెండు స్తంభాలకు కట్టి, దాని వెనక పిల్లను పడుకోబెట్టింది. ఆ కాలనీలో మధ్యాహ్నం షిఫ్టు లేని ఆడవాళ్లు, పిల్లలు అందరూ అక్కడే ఉన్నారు.

గది చూపించమంటే తీసుకెళ్లింది. పడమటి గోడ మీద చెయ్యి పెట్టి, కాలి వెంటనే తీసేశాను. ఆమె ఫ్యాను వేస్తే అది మిద్దె వేడిని కిందికి తోస్తోంది. కిటికీ రెక్కలకు, చట్రానికి మధ్య గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. ఎప్పుడూ మూసే ఉంచుతావా అని ఫర్హానా అడిగింది.

"తెరిస్తే పొడి వస్తాదమ్మా. రాత్రంతా మిషన్లు తిరుగుతాంటాయి. పొద్దున లేస్తే పిల్ల మొగమంతా తెల్లగా ఉంటాది, ఒకటే దగ్గు. మూస్తే ఉడుకు. యాది మేలో మీరే చెప్పండి."

ఫర్హానా అక్కడే గడప మీద కూర్చుంది. పిల్లను ఎత్తుకుంటానంటే ఉరుకుందమ్మ ఇచ్చింది. మాటల్లో తెలిసింది, కిందటేడు ఎండాకాలం ఆ గదిలోనే పిల్లకు జ్వరమొచ్చినట్టు ఒళ్లు కాలి ఫిట్స్ వచ్చాయట. తండ్రి మోటార్‌సైకిల్ మీద కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. బతికింది. ఉడుకు వల్ల వచ్చింది, చల్లటి చోట ఉంచమని డాక్టరు చెప్పి పంపాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఉరుకుందమ్మకు నవ్వొచ్చింది.

"చల్లని చోటు యాడుండాదమ్మా? ఊర్లో వాన లేదు, చేన్లో ఏం లేదు. దుడ్లు ఈడుండాయి. ఈడేమో పిల్ల నిలవదు."

తిరిగి ఆఫీసుకు చేరగానే ఫర్హానా మోడల్ తెరిచి, రాత్రి కిటికీలన్నీ మూసేసింది. లెక్క తిరగడానికి కాసేపు పట్టింది. నీలం రంగు నారింజగా మారింది. రెండు పొరల గోడ పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుందంతే. గాలి కదలకపోతే ఆ వేడి రాత్రంతా గదిలోనే ఉంటుంది. మేము శివారెడ్డికి పంపబోయిన ఇళ్లు పాత గదుల కంటే చూడడానికి బాగుండేవి. పిల్లకు మాత్రం పెద్ద తేడా ఉండేది కాదు.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. మనం చెప్పిన ఇంటికి అది సరైన జవాబే ఇచ్చింది. అలాంటి ఇంట్లో ఎవరూ ఉండడం లేదు, అదొక్కటే ఇబ్బంది.

పడమటి గోడ

రెండో నమూనాకు ఇంకొంత కాలం పట్టింది. ఇళ్లను బండల కోత షెడ్డుకు గాలి వచ్చే వైపు జరిపాం, పొడి ఇళ్ల మీదికి రాకుండా. గోడల పైభాగంలో, షెడ్డుకు పెడముఖంగా, జాలీలు పెట్టాం. ముక్కలైపోయిన బండలను ఏటవాలుగా పేర్చి చేసిన జాలీలు అవి. మిద్దె మీద జానెడు ఎత్తున ఇటుక దిమ్మెలు నిలిపి, వాటి మీద పనికిరాని బండలు పరిచి, సున్నం కొట్టాలనుకున్నాం. ఎండ ఆ బండల మీద పడుతుంది, కింద గాలి ఆడుతుంది, అసలు మిద్దె నీడలో ఉంటుంది. బరువు లెక్క నేను వేశాను. మోస్తుంది.

సారుతో గొడవ దిక్కుల దగ్గర వచ్చింది. ఆయన వేసిన ప్లానులో ఇళ్ల పొడవాటి గోడలు తూర్పుకూ, పడమరకూ ఉన్నాయి. రోడ్డు అటే ఉంది కాబట్టి చూడడానికి పొందిక. ఫర్హానా వరసను అడ్డంగా తిప్పమంది. పడమటి ఎండ తగిలే గోడ చిన్నదవుతుందని మోడల్లో చూపించింది. సారు కసిరారు. ముప్ఫై ఏళ్లుగా ఇట్లనే కడతాండాము, ఎవరూ చావలేదు అన్నారు. చావబోయిన పిల్లను తాను ఈ చేతుల్తో ఎత్తుకున్నానని ఫర్హానా అంది. గొంతు పెంచలేదు. ఆఫీసులో అందరూ కంప్యూటర్ల వైపు తిరిగి కూర్చున్నారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం సారు ఒక్కరే సైటుకు వెళ్లొచ్చారు. ఉరుకుందమ్మ గది పడమటి గోడ దగ్గర నిలబడి చాలాసేపు ఉన్నారని మేనేజరు తర్వాత నాతో అన్నాడు. మరునాడు పొద్దున తన ప్లానును చింపకుండా మడిచి, ఫర్హానా టేబులు మీద పెట్టి, నువ్వు చెప్పినట్టు తిప్పు అన్నారు. క్షమాపణ లాంటిది ఆయన నుంచి నేను విన్నది అదొక్కటే. ఆ మధ్యాహ్నం జెరాక్స్ మిషను అవతలి గదికి పోయింది.

నీళ్లలో ఇటుక

పని వానలు తగ్గాక మొదలైంది. ఇటుకలు ఫ్యాక్టరీ పెరట్లోనే పోసేవాళ్లు. పాళ్లు నేనే నిర్ణయించాను. మొదటి ఇటుకలు కాలేజీ ల్యాబులో బాగా నిలబడ్డాయి. గోడలు కట్టే బేల్దారులకు కూడా నచ్చాయి, అంచులు నున్నగా ఉన్నాయని.

నాకొక అలవాటుంది. ఎప్పుడు సైటుకు పోయినా పేర్చిన దొంతుల్లోంచి నాలుగు ఇటుకలు తెచ్చి నీళ్లతొట్టిలో వేసి ఉంచుతాను. ఎండు ఇటుక ఎవరినైనా మోసం చేస్తుంది. మొదటి వరస ఇళ్లు కిటికీ పైమట్టం దాటి, బయటివైపు ప్లాస్టరింగు మొదలైన రోజుల్లో, తొట్టిలో వేసిన ఇటుకల్లో రెండింటిని బయటికి తీసి గోరుతో గీరితే పొడి వచ్చింది. ల్యాబులో నానబెట్టి నొక్కితే ఉండవలసిన బలంలో సగం కూడా లేదు. మిగతా రెండు గట్టిగానే ఉన్నాయి.

అడిగితే మేనేజరు దాచలేదు. గుట్ట తొందరగా తరిగిపోవాలని యజమాని అంటున్నాడని, దసరా తర్వాత ఇటుకలో బురద పాలు పెంచాడు. ఎండాక గట్టిగానే కనిపించాయి కాబట్టి ఎవరికీ చెప్పలేదు. పాళ్లు ఎందుకు అంత ఉండాలో అతనికి మాలో ఎవరూ వివరించలేదు. అంకె మాత్రం రాసిచ్చాం.

శివారెడ్డిని ఆఫీసుకు పిలిచాం. మొదటి వరస మొత్తం తీసెయ్యాలని సారు చెప్పారు.

"వరసంతానా? నీళ్లు తగిల్తే గదా సార్ మెత్తబడేది. ఈడ వాన యాడొస్తాది?"

"వచ్చేది తక్కువే రెడ్డీ. వచ్చిందంటే ఒకే దెబ్బ. ఆ పొద్దు లోపల పండుకోనుండేది నువ్వూ కాదు, నేనూ కాదు."

శివారెడ్డి నా వైపు తిరిగాడు. నేను సంతకం పెట్టనని చెప్పాను. ఆయన లేచి, ఊర్లో ఇంకా ఇంజినీర్లుండారు అనేసి వెళ్లిపోయాడు. ఆయన అన్నది నిజమే. సంతకం పెట్టేవాళ్లు దొరుకుతారు.

ఫర్హానాకు ఆ రాత్రి నిద్రపట్టి ఉండదు. అది ఆమె పేరు మీద సాగుతున్న మొదటి పని. మందంగా ప్లాస్టరు కొట్టి, పునాది మట్టం పెంచి కాపాడలేమా అని నన్ను రెండుసార్లు అడిగింది. ప్లాస్టరు ఏదో ఒకరోజు పగులుతుంది, పగిలిన చోట నీళ్లు లోపలికి పోతాయి, బయటికి మాత్రం గోడ బాగానే కనిపిస్తుంది, అదే భయం అని చెప్పాను. ఆమె మరుసటి రెండు రోజులు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందే కూర్చుంది.

ఆమె ఏం చేసిందో చెబుతాను. సైటు నుంచి వచ్చేముందు ప్రతి సాయంత్రం గోడలన్నిటినీ ఫోనుతో ఫొటో తీయడం ఆమెకు బెంగుళూరులో అయిన అలవాటు. ఆ ఫొటోలను మోడల్లోని గోడలకు జతచేసింది. ఏ గోడ ఏ రోజు ఎంత లేచిందో, ఆ పూట పక్కన ఏ ఇటుకల దొంతి తరిగిందో ఫొటోల్లో కనిపిస్తుంది. దసరాకు ముందు పోసిన ఇటుక ఎక్కడ ఆగింది, తర్వాతిది ఎక్కడ మొదలైంది అన్నది అలా విడదీసి, రెండో రకంతో కట్టిన గోడలకు ఎర్ర రంగు వేసింది. వరస మొత్తం ఎర్రబడలేదు. సగం కంటే తక్కువ.

సారు అది చూసి, నమ్మేదెట్ల అని నన్ను అడిగారు. నమ్మక్కర్లేదు, పరీక్ష చేద్దామన్నాను. ఎర్ర గోడల్లోంచి కొన్ని, రంగు లేని గోడల్లోంచి కొన్ని ఇటుకలు ఊడదీయించి నానబెట్టాం. మోడల్ చెప్పినట్టే వచ్చింది. అప్పుడు సారు ఆ బొమ్మకు ఒక ప్రింటు తీసివ్వమని, అది పట్టుకుని తానే శివారెడ్డి ఇంటికి వెళ్లారు. ఆయన క్లయింటు ఇంటికి వెళ్లడం నేను చూసింది అప్పుడే.

"ఎర్రవే కదా సార్? సరే, కొట్టెయ్యండి," అన్నాడట శివారెడ్డి. వరసంతా అని పట్టుబట్టి ఉంటే వేరే ఇంజినీరు దగ్గరికే పోయేవాడినని తర్వాత ఆయనే నాతో ఒప్పుకున్నాడు.

అందరూ అడుగుతారు, డిజిటల్ మోడల్ వల్ల లాభమేమిటని. నాకు తెలిసిన పెద్ద లాభం ఇది. మా మాట మీద మొండిగా నిలబడాల్సిన చోట, ఎంతవరకు నిలబడాలో అది చూపించింది.

ఎవరు మోశారు

గోడలు కొట్టేసిన రోజు ఫ్యాక్టరీ జనమంతా చూస్తున్నారు. వాళ్లకు ప్రింట్లు, రంగులు తెలియవు. తమ కోసం లేస్తున్న ఇళ్లను ఇంజినీర్లొచ్చి పడగొట్టిస్తున్నారు, అంతే. ఉరుకుందమ్మ నా దగ్గరికి వచ్చి, ఎండలకు ముందు అయితాదా మేడమ్ అని అడిగింది. కాదని చెప్పాను. సరేనని తల ఊపి వెళ్లింది. ఏప్రిల్లో నేను సైటుకు వెళ్లేసరికి ఆ చివరి గదికి తాళం ఉంది. ఊరికి వెళ్లిపోయారని, మళ్లీ వస్తారో రారో తెలియదని పక్కింటామె చెప్పింది.

మేము చేసింది సరైన పనే. ఇప్పుడైనా అదే చేస్తాను. కానీ సరైన పనికి కూడా ఖర్చుంటుంది. అది మా ఆఫీసులో ఎవరి నెత్తినా పడలేదు. సారుకు గౌరవం మిగిలింది, ఫర్హానాకు పేరొచ్చింది, నా సంతకం శుభ్రంగా ఉంది. పని లేని ఊళ్లో ఒక ఎండాకాలం గడపవలసి వచ్చింది ఆ కుటుంబానికి. పుస్తకాల్లో ప్రాజెక్టు ఆలస్యం అనే మాట చదివినప్పుడు దాని వెనక ఒక తాళం వేసిన గది ఉండవచ్చునని గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు తొలకరి వాన గట్టిగా పడింది. కొట్టేసిన గోడల ఇటుకలు పెరట్లో కుప్పగా ఉన్నాయి. రెండు రోజులు నానేసరికి పైవరస అంచులు కరిగి, కుప్ప కిందంతా తెల్లటి నీళ్లు పారాయి. నిలిచిన గోడలకు ఏమీ కాలేదు. ఆ వారం శివారెడ్డి ఆఫీసుకు వచ్చి, టీ తాగి, వేరుశనగ ధర గురించీ, వాళ్ల అన్న ఎన్నికల గురించీ మాట్లాడి వెళ్లాడు. ఇటుకల ఊసెత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఇళ్లు దీపావళికి అయ్యాయి. అన్నీ అనుకున్నట్టు జరిగాయని చెప్పను. లోపలి వేడి తగ్గింది కానీ కంప్యూటర్ చెప్పినంత తగ్గలేదు. మిద్దె మీది బండల సందుల్లో పావురాలు చేరాయి. కోతులు రెండు బండలను కదిపితే సిమెంటుతో బిగించాల్సి వచ్చింది. గుట్ట తరిగింది కానీ పోలేదు, మిషన్లు రోజూ కొత్త బురద పోస్తూనే ఉంటాయి. శివారెడ్డి ప్రహరీగోడకు ఆకుపచ్చ పెయింటు కొట్టించి గ్రీన్ కాలనీ అని రాయించాడు. పర్యావరణానికి అందులో హాని చేసింది ఆ పెయింటొక్కటే అని ఫర్హానా అంది.

రిటైరయ్యాక

సారు తర్వాత ఆఫీసును ఫర్హానాయే నడుపుతోంది. నేను రిటైరైన మొదటి మే నెలలో, వేరే పని మీద బస్సులో అటు వెళ్తూ ఓర్వకల్లు దాటాక దిగాను. మధ్యాహ్నం. ముందు ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు వైపు చూశాను. దాని కింద ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

మొదటి వరసలో రెండో ఇంటి ముందు ఉరుకుందమ్మ నిలబడి ఉంది. వాళ్లు తిరిగి వచ్చిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. లోపలికి పిలిచింది. పైన జాలీల్లోంచి గాలి సన్నగా వస్తోంది. పిల్ల నేల మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది, వీపు మీద చెమట లేదు. ఇల్లు ఎట్లుండాది అని అడిగాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశానని ఒప్పుకుంటాను.

"నిద్ర పడతాండాది మేడమ్. పొయ్యి తావు మాత్రం మీరు సరిగా పెట్టలేదు. పొగంతా ఇంట్లోకే వస్తాది. ఎన్ని దినాలని ఇట్ల? ఈ గోడకు ఒక బొక్క కొట్టియ్యల్ల. పిల్లను వచ్చేయేడు ఈడే బళ్లో ఏస్తాండాము."

వంట గ్యాసు మీద చేస్తారని మేము అనుకున్నాం. గ్యాసు అయిపోతే కట్టెలు వాడతారని మోడల్లో లేదు. నేను ఫర్హానాకు ఫోను చేసి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నన్ను మధ్యలో ఆపి, ఫోను ఉరుకుందమ్మకు ఇవ్వమంది. వీడియోలో ఫర్హానా మొగం కనిపించగానే ఉరుకుందమ్మ కొంగు సర్దుకుని, ఫోనును గోడకు ఎదురుగా పట్టుకుని, ఎంత ఎత్తున కొట్టాలో, ఎంత వెడల్పు కావాలో, వాన జల్లు పడకుండా పైన బండ ఎట్లా అడ్డం పెట్టాలో చెయ్యి ఆనించి చూపించింది. ఫర్హానా మధ్యమధ్య ఏదో అడుగుతోంది. ఈమె కాదు కాదు, ఇంకా పైకి అంటోంది. పిల్ల కదలలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి, వాళ్లిద్దరికీ అడ్డం రాకుండా, ఆ మాటలు అయ్యేదాకా ఆగాను.